యాప్‌లో ముల్లు సున్నా మీదే ఉంది, మరి పియానో ఎందుకు పలకట్లేదు?

ఆలస్యంగా_మొదలు

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

నాకు 43 ఏళ్లు. పియానో మొదలుపెట్టి మూడేళ్లయింది. మొదటి రెండేళ్లు డిజిటల్ మీదే సాధన. పోయినేడాది మా పిన్ని ఇల్లు మారుతూ, ఇంకోసారి మోయించే ఓపిక లేక, తన పాత అప్‌రైట్ (తీగలు నిలువుగా ఉండే పియానో) నాకిచ్చేసింది. ఎత్తు 115 సెంటీమీటర్లు ఉంటుంది. ముందున్న పేరు గీసుకుపోయి కనపడదు. దాన్ని దింపిన రోజు నిలబడే మూత తీసి, మధ్య సి పైనున్న ఎఫ్ నొక్కాను. శ్రుతి బొత్తిగా లేదు. అయినా అలాంటి శబ్దం నా డిజిటల్‌లో ఎప్పుడూ వినలేదు. ఎవరో గదిలోకి వచ్చి, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నట్టనిపించింది. చాలాసేపు మెట్టు మీంచి వేలు తీయలేదు.

ట్యూనర్ రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. నాకు ఆగే బుద్ధి లేదు. ట్యూనింగ్ లీవరూ, తీగల మధ్య దూర్చే రబ్బరు ముక్కలూ తెప్పించుకుని, ఫోన్‌లో యాప్ పెట్టుకుని, మూడు ఆదివారాలు కూర్చుని మధ్యలోని రెండున్నర ఆక్టేవులు (ఒక సి నుంచి పై సి దాకా ఒక ఆక్టేవు) నేనే శ్రుతి చేశాను. పక్క తీగలు మూసేసి ఒక్కో తీగను విడిగా చేశాను. ముల్లు సున్నా మీద నిలబడి స్క్రీన్ ఆకుపచ్చగా మారేదాకా వదల్లేదు. భుజం పట్టేసింది.

ఇప్పుడు ఏ మెట్టుకామెట్టు యాప్ ప్రకారం తప్పు లేదు. కానీ పియానో చప్పబడిపోయింది. కొన్ని మెట్లు రేకు డబ్బా మీద కొట్టినట్టున్నాయి, కొన్ని దుప్పటి కప్పినట్టున్నాయి. ఆక్టేవు కలిపి నొక్కితే లోపల ఏదో నలుగుతున్నట్టుంది. విచిత్రం ఏంటంటే ఆ ఎఫ్ ఒక్కటి మాత్రం ఇప్పటికీ మొదటిరోజులాగే ఉంది, ఇంకా బాగుంది కూడా. దాని పక్కనున్న ఇ, జి రెండూ దాని ముందు వెలవెలబోతున్నాయి.

నా ప్రశ్న ఇది. పియానో శబ్దం అందంగా ఉండటానికి అసలు కారణం ఏంటి? సుత్తా, తీగా, చెక్కా, వేలా? లేక రెండేళ్ల హెడ్‌ఫోన్లతో నా చెవే పాడైందా?

తరంగం

చెవికేం కాలేదు. యాప్ కూడా అబద్ధం చెప్పట్లేదు. మీరే దాన్ని తప్పు ప్రశ్న అడిగారు.

పాఠ్యపుస్తకంలో తీగ దారంలా మెత్తగా ఉంటుంది. 440 హెర్ట్జ్ దగ్గర కంపిస్తే దాంతోపాటు 880, 1320, 1760 అని కచ్చితమైన గుణిజాలు వినిపిస్తాయి. వీటినే అంశస్వరాలు అంటారు. పియానోలో ఉండేది దారం కాదు, దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉన్న గట్టి ఉక్కు తీగ. వంగమంటే మొరాయిస్తుంది. ఎంత చిన్న చిన్న ముక్కలుగా కంపించాల్సి వస్తే అంత మొరాయిస్తుంది. దాంతో పై అంశస్వరాలు ఉండాల్సిన చోటుకన్నా కాస్త ఎక్కువలో పలుకుతాయి. మీది పొట్టి పియానో, తీగలు పొట్టివి, కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. మీ 440 ఎ తీగలో రెండో అంశస్వరం 880లో ఉండదు, 881కి దగ్గర్లో ఉంటుంది. పై ఎ ని మీరు యాప్ మాట విని సరిగ్గా 880లో పెట్టారు. ఇప్పుడు ఆ రెండూ సెకనుకు దాదాపు ఒకసారి ఢీకొంటాయి. మీరు "నలుగుతున్నట్టు" అన్నది దాన్నే.

అందుకే ట్యూనర్లు ఆక్టేవులను కొంచెం సాగదీస్తారు. రైల్స్‌బ్యాక్ అనే భౌతిక శాస్త్రవేత్త 1938లో బాగా శ్రుతి చేసిన పియానోలను కొలిచి గీసిన వంపు ఇప్పటికీ అందరూ చూపిస్తారు. పై చివర దాదాపు 30 సెంట్లు ఎక్కువగా, కింది చివర దాదాపు అంత తక్కువగా ఉంటుంది. సెంటు అంటే పక్కపక్క రెండు మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. లెక్క ప్రకారం "తప్పుగా" ఉంటేనే చెవికి ఒప్పు.

ఇక వేలి స్పర్శ, మనసు పెట్టి నొక్కడం అంటూ చెప్పేవాళ్లు కాసేపట్లో వస్తారు. వాళ్లకు ముందే ఒక మాట. మెట్టు నొక్కితే సుత్తి తీగదాకా మీ వేలితో రాదు. చివరి రెండు మూడు మిల్లీమీటర్లు ఒంటరిగా ఎగురుతుంది. అప్పటికే వేలికీ సుత్తికీ తెగతెంపులు అయిపోయాయి. తీగకు తెలిసేది సుత్తి వేగం ఒక్కటే. వేలితో నొక్కినా, పెన్సిల్ వెనకవైపుతో పొడిచినా దానికి ఒకటే.

మూడోతీగ

26 ఏళ్లుగా చేస్తున్న పని ఇది, కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను.

తరంగం గారు చెప్పిన సాగదీత నిజం. కానీ ఆలస్యంగా_మొదలు గారు చేసింది మధ్యలోని రెండున్నర ఆక్టేవులు. అక్కడ ఆ సాగదీత ఒక సెంటు, రెండు సెంట్లు. ఆక్టేవు నలగడానికి అది చాలు. ఒంటరిగా నొక్కిన మెట్టు చప్పబడటానికి మాత్రం కారణం అది కాదు. దానికోసం మూడు తీగల దగ్గరికి రావాలి.

మూత తీసి చూడండి. కింది చివర మెట్టుకు ఒకటే లావుపాటి రాగి చుట్టిన తీగ. కాస్త పైకొస్తే రెండేసి. మధ్యనుంచి చివరిదాకా మూడేసి. 88 మెట్లకు మొత్తం 230 తీగల దాకా ఉంటాయి. ఒక సుత్తి వెళ్లి ఆ మూడింటినీ ఒక్క దెబ్బ కొడుతుంది. మీరు ఆ మూడింటినీ విడివిడిగా సున్నాకు తెచ్చారు. ఫోన్ యాప్ ఒక సెంటు అటూ ఇటూ ఉన్నా ఆకుపచ్చే చూపిస్తుంది. 440 దగ్గర ఒక సెంటు అంటే పావు హెర్ట్జ్. ఒక తీగ సెంటు పైన, ఇంకోటి సెంటు కింద ఉంటే రెండు సెకన్లకోసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. మూడో తీగ ఇంకో లెక్కలో ఊగుతుంది. మూడు "సున్నాలు" కలిసి ఒక గందరగోళం.

అందుకే మేం మొదటి తీగకు యాప్ వాడినా, మిగతా రెంటికీ యాప్ చూడం. రెండో తీగను మొదటి తీగ పక్కన పెట్టి చెవితో తెస్తాం. వావ్, వావ్, వావ్ అని ఊగుతుంటుంది. లీవరును వెంట్రుకవాసి కదిపితే వా...వ్ అని సాగుతుంది. ఇంకాస్త కదిపితే ఊగడం ఆగిపోయి, రెండు తీగలు ఒక లావు తీగలా వినపడతాయి. అక్కడితో ఆగిపోయేవాళ్లున్నారు. కానీ ఆ ఆగిన చోట కూడా చాలా చిన్న జాగా ఉంది. అందులో ఒక అంచున స్వరం బిగిసిపోయినట్టుంటుంది, ఒక చోట విచ్చుకుంటుంది. విచ్చుకోవడం అంటే, కొట్టిన వెంటనే కాకుండా ఓ క్షణం తర్వాత స్వరం లోపల్నుంచి తెరుచుకుని నిలబడటం. మేం వెతికేది ఆ చోటే.

ఇది ట్యూనర్ల భ్రమ కాదు. 1977లో గాబ్రియేల్ వైన్‌రైక్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని లెక్కలతో సహా రాశాడు. పియానో స్వరం ఒకే వేగంతో ఆరిపోదు, రెండు దశల్లో ఆరుతుంది. సుత్తి కొట్టగానే మూడు తీగలూ ఒకే అడుగుతో కదులుతాయి. మూడూ కలిసి బ్రిడ్జ్‌ను, అంటే తీగలు ఆనుకునే చెక్క దిమ్మను, తోస్తాయి, బ్రిడ్జ్ దాని వెనకున్న పెద్ద పలకను, అంటే సౌండ్‌బోర్డ్‌ను, ఊపుతుంది, బోలెడంత శక్తి ఒక్కసారిగా బయటికి పోతుంది. అది మొదటి శబ్దం, గట్టిగా వచ్చి గబగబా తగ్గుతుంది. తీగల మధ్య ఆ రవ్వంత తేడా ఉంటుంది కాబట్టి, కాసేపటికి అడుగు తప్పుతాయి. ఒకటి బ్రిడ్జ్‌ను పైకి తోస్తుంటే ఇంకోటి కిందికి లాగుతుంది. బ్రిడ్జ్ పెద్దగా కదలదు. శక్తి తీగల్లోనే చిక్కుకుపోయి, బొట్టుబొట్టుగా బయటికొస్తుంది. అది రెండో శబ్దం. చిన్నది, కానీ చాలాసేపు ఉంటుంది. ఒకే తీగ ఉన్నా, పైకీకిందికీ ఊగడంతోపాటు కొంచెం పక్కలకూ ఊగుతుంది. పక్కల ఊపును బ్రిడ్జ్ అంత తేలిగ్గా తీసుకోదు, అదీ వెనక మిగులుతుంది.

పియానో అందం ఎక్కడుందని నన్నడిగితే మూడో సెకనులో ఉందంటాను. కొట్టిన క్షణం ఏ పియానో అయినా ఎంతోకొంత బాగానే ఉంటుంది. పుట్టిన మరుక్షణంనుంచీ చచ్చిపోతూ ఉండే శబ్దం ఇది. వయొలిన్‌వాళ్లు విల్లుతో, పాడేవాళ్లు ఊపిరితో స్వరానికి మధ్యలో తిండి పెడతారు. మనకా సౌకర్యం లేదు. ఎలా ఆరుతుందన్నదే మన చేతిలో ఉన్నది.

పియానో చేసేవాళ్ల తలనొప్పీ అదే. సౌండ్‌బోర్డ్ అంటే స్ప్రూస్ చెక్కతో చేసిన పెద్ద పలక, మందం ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లు. తీగ ఒక్కటే అయితే గాలిని కదిలించలేదు, దాన్ని కోసుకుంటూ పోతుంది. ఈ పలకే దానికి గొంతు. పలక మరీ తేలిగ్గా కదిలితే తీగలోని శక్తినంతా ఒక్క గుక్కలో తాగేస్తుంది. బిగ్గరగా మోగి టప్పున ఆరిపోతుంది, తప్పెటలా. మరీ బిగుసుకుని ఉంటే స్వరం చాలాసేపు నిలుస్తుంది, కానీ గొంతు లేవదు. బిగ్గరగా ఉండటం, ఎక్కువసేపు ఉండటం, రెండూ ఒకే జేబులోంచి ఖర్చు. చెక్కను అంచుల వైపు ఎంత పలచన చేయాలి, వెనక బద్దలు ఎన్ని వేయాలి, తీగలు దాన్ని ఎంత బరువుతో నొక్కాలి అన్న పేచీలన్నీ ఆ జేబు గురించే.

ఇక రేకు డబ్బా మెట్లు. అది సుత్తి. క్రిస్టోఫరి 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో పియానో కనిపెట్టినప్పుడు సుత్తి తలలు కాగితం చుట్టి చేసి పైన తోలు అంటించినవి. ఆయన చేతి పియానోలు మూడే మిగిలాయి, 1720 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఫెల్ట్ (ఒత్తి గట్టిపరిచిన ఉన్ని) సుత్తి చాలా తర్వాత, 1826లో పాప్ అనే ఆయన పారిస్‌లో తెచ్చాడు. ఫెల్ట్ గొప్పదనం ఏంటంటే, మెల్లగా కొడితే పైపొర మెత్తగా తగిలి పై అంశస్వరాలను తుడిచేస్తుంది. గట్టిగా కొడితే అది అణిగిపోయి లోపలి గట్టి పొర పనిచేస్తుంది, శబ్దానికి మెరుపొస్తుంది. అంటే పియానోలో గట్టిగా వాయించడం వాల్యూమ్ పెంచడం కాదు, శబ్దం రంగే మారుతుంది. పాత సుత్తుల మీద తీగలు కొట్టీకొట్టీ మూడు గాళ్లు పడతాయి. ఆ గాళ్ల అడుగున ఫెల్ట్ రాయిలా అయిపోతుంది. ఇక మెల్లగా నొక్కినా ఒకటే రంగు, రేకు రంగు.

దానికి మందు, గరుకు కాగితంతో సుత్తిని గీకి మళ్లీ ఆకారానికి తేవడం, ఆ తర్వాత సూదులతో పొడిచి ఫెల్ట్‌ను వదులు చేయడం. దయచేసి ఈ రెండోది మీరు చేయకండి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక హాల్లో కచేరీ ముందు మా గురువుగారు టీకి వెళ్లారు. ఒక మెట్టు కాస్త కటువుగా ఉందని నాకనిపించింది. సూది పెట్టాల్సింది సుత్తి భుజాల్లో. నేను నడినెత్తిన పెట్టాను, అదీ నాలుగు పోట్లు. తిరిగొచ్చి నొక్కితే ఆ స్వరం నోట్లో దూది కుక్కుకుని మాట్లాడినట్టుంది. పియానిస్టు వచ్చి దాన్ని మూడుసార్లు నొక్కి, ఏమీ అనకుండా నా వైపు చూశాడు. తిట్టుంటే బాగుండేది. గురువుగారు వేడి ఇస్త్రీ పట్టీ పెట్టి, గరుకు కాగితంతో గీకి, అరగంటలో సగం దారికి తెచ్చారు. మిగతా సగం ఆ సుత్తి మార్చేదాకా అలాగే ఉంది. పొడిచిన సూదిని వెనక్కి తీసుకోలేం.

చివరిగా, మీ శ్రుతి నిలవకపోవచ్చు కూడా. తీగ చుట్టుకున్న పిన్ను తిప్పి ముల్లు సున్నాకు రాగానే వదిలేసి ఉంటారు. అప్పటికి పిన్ను మెలిపడి ఉంటుంది, తీగ ఆనుకునే చోట్ల ఒరిపిడి ఉంటుంది. నాలుగు రోజులు వాయిస్తే మెల్లగా జారుతుంది. అందుకే మేం మెట్టును గట్టిగా కొడుతూ శ్రుతి చేస్తాం, పక్కింటివాళ్లు తిట్టుకుంటారు. పాత తీగల దగ్గర మొహం పెట్టి లీవరు తిప్పకండి. అన్ని తీగల లాగుడు కలిపి 18 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది. తెగితే చూసుకుని తెగదు.

మీ ఎఫ్ సంగతి మాత్రం నాకు కుతూహలంగా ఉంది. ఒక పని చేయండి. కుడి పెడల్ తొక్కి, తీగల మోతను ఆపే మెత్తలు, అంటే డాంపర్లు, లేపి ఉంచండి. ఎఫ్ సుత్తిని చేత్తో మెల్లగా తోసి తీగలకు ఆనించి పట్టుకోండి. ఇంకో చేత్తో ఆ మూడు తీగలనూ ఒక్కోదాన్నీ గోటితో మీటండి. సుత్తి సరిగ్గా ఆనితే మూడూ టక్ టక్ అని మూగగా ఉండాలి. ఏదైనా మోగిందంటే సుత్తి దాన్ని అందుకోవట్లేదన్నమాట. చప్పగా ఉన్న ఇ, జి లకూ అదే చేసి చెప్పండి.

ఎడమచేయి

తరంగం గారు నాకోసమే కాసుకుని కూర్చున్నట్టున్నారు, వచ్చేశాను. పిల్లలకూ పెద్దలకూ పియానో నేర్పుతుంటాను.

ఒక్క స్వరం సంగతైతే మీదే గెలుపు. సుత్తి వేగమే తీగకు తెలుస్తుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఒక్క స్వరం సంగీతం కాదు కదా. ఆలస్యంగా_మొదలు గారూ, మీ చేతిలో ఉన్నదేంటో చూపిస్తాను. సి, ఇ, జి మూడూ ఒకే బలంతో నొక్కండి. గోడలా ఉంటుంది. ఇప్పుడు చిటికెన వేలివైపు కాస్త బరువు వంచి, జి మాత్రం కొంచెం పైకి వచ్చేలా నొక్కండి. అదే పియానో, అవే తీగలు, కానీ ఈసారి ఎవరో పాడుతున్నట్టుంటుంది, కింద రెండూ నీడలా ఉంటాయి. మంచి పియానిస్టుల వాయిద్యాన్ని కొలిస్తే, పాట నడిపే స్వరం మిగతావాటికన్నా సుమారు 30 మిల్లీసెకన్లు ముందుగా పడుతుందని తేలింది. గట్టిగా కొట్టిన సుత్తి ముందు చేరుతుంది మరి. వినేవాళ్లకు ముందుగా పడిందని తెలీదు, స్పష్టంగా ఉందనిపిస్తుంది, అంతే.

రెండోది మూడోతీగ గారు చెప్పినదానికి కొనసాగింపు. స్వరం ఆరిపోతూ ఉంటుందన్నారు కదా. పాటలో తర్వాతి స్వరాన్ని ఎంత బలంతో నొక్కాలి? చాలామంది ముందు స్వరం ఎంత బలంతో మొదలైందో అంతే బలంతో నొక్కుతారు. అప్పుడు ప్రతి స్వరం తలుపు తట్టినట్టు వినపడుతుంది. ముందు స్వరం ఆరుతూ ఆరుతూ ఇప్పుడు ఏ స్థాయిలో ఉందో విని, అక్కడినుంచి అందుకోండి. నా దగ్గర నేర్చుకునేవాళ్లతో నెలరోజులు రెండే రెండు స్వరాలతో ఇదే చేయిస్తాను. మొదటి వారం విసుక్కుంటారు. కొందరు రెండో వారం కూడా.

పెడల్ గురించి ఒక్క మాట. కింది సి నొక్కకుండా ఉండండి, మధ్య సి మెట్టును శబ్దం రాకుండా మెల్లగా కిందికి దించి పట్టుకోండి. ఇప్పుడు కింది సి ని గట్టిగా కొట్టి వెంటనే వదిలేయండి. మీరు కొట్టని మధ్య సి పలుకుతూ ఉంటుంది. కుడి పెడల్ తొక్కితే ఆ పలకరింపు అన్ని తీగల్లోనూ ఒకేసారి జరుగుతుంది. హెడ్‌ఫోన్లు తీసేసి వచ్చినవాళ్లకు గది నిండినట్టనిపించేది అందుకే.

తరంగం

సరే, స్వరాల మధ్య తూకం అంటే నాకు పేచీ లేదు. అది వేగాల సంగతే, వేరు వేరు సుత్తుల వేగాలు. "మృదువుగా తాకితే ఆ ఒక్క స్వరమే మారుతుంది" అంటేనే గొడవ.

మూడోతీగ

ఆ గొడవలో కూడా ఒక పిసరు మిగిలి ఉందండీ. పైనుంచి వేలు జారవిడిచి కొడితే గోరూ వేలూ మెట్టుకు తగిలిన టప్ శబ్దం సుత్తికన్నా ముందే వినపడుతుంది. మెట్టు పది మిల్లీమీటర్లు దిగి అడుగున తగిలినప్పుడు ఇంకో దెబ్బ. సుత్తి వేగం ఒకటే అయినా ఈ చప్పుళ్లు కలుస్తాయి. దగ్గర కూర్చున్నవాళ్లకు తేడా తెలుస్తుంది. హాలు చివర కూర్చున్నవాళ్లకు తెలుస్తుందని నేను పందెం కాయను.

ఆలస్యంగా_మొదలు

రెండు రోజులు మాయమైనందుకు క్షమించండి. ముందు పట్టీ విప్పి, సెల్‌ఫోన్ టార్చ్ పళ్లతో పట్టుకుని (పక్కన మనిషి లేకుండా ఈ పని చేయకూడదని తెలిసొచ్చింది) మీరు చెప్పినవన్నీ చేశాను.

ముందుగా ఎడమచేయి గారి సి. కొట్టని తీగ పలకడం విని నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

తర్వాత ఇ. మొదటి తీగను కదపకుండా, యాప్ ఆపేసి, రెండోదాన్ని చెవితో తెచ్చాను. నిజంగానే వావ్ వావ్ అంటుంది! యాప్‌లో ఇది ఆకుపచ్చే. నలభై నిమిషాలు పట్టింది, ఒక్క మెట్టుకు. మూడోది కూడా కలిశాక దుప్పటి తీసేసినట్టయింది. పూర్తిగా కాదు గానీ, ముందున్న ఇ కాదు ఇది. జి దగ్గర ఎంత తిప్పినా రేకు శబ్దం పోలేదు. టార్చ్ వేసి చూస్తే సుత్తి ముక్కు మీద మూడు గాళ్లు, గోరు దిగేంత లోతు. దాని జోలికి పోలేదు. సూది అసలే ముట్టుకోలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఎఫ్ సుత్తిని తీగలకు ఆనించి మీటాను. కుడి తీగ టక్. మధ్య తీగ టక్. ఎడమ తీగ హాయిగా మోగింది. నమ్మలేక మళ్లీ మళ్లీ చేశాను. సుత్తి కాస్త కుడివైపు ఒరిగి ఉంది, ఎడమ తీగను అందుకోవట్లేదు. అంటే ఇన్నాళ్లూ నాకు అన్నింటికన్నా నచ్చిన మెట్టు, పియానో మొత్తంలో సరిగ్గా పనిచేయని మెట్టా?

మూడోతీగ

నాకు అనుమానం వచ్చింది దాని గురించే. చూడకుండా చెప్పకూడదని ఊరుకున్నాను.

తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండ్ పియానోలో ఎడమ పెడల్ తొక్కితే మెట్లూ సుత్తులూ మొత్తం కొంచెం పక్కకు జరుగుతాయి, సుత్తి మూడింటిలో రెండు తీగలనే కొడుతుంది. మూడోది దెబ్బ తినకుండా, బ్రిడ్జ్ ద్వారా పక్క తీగల ఊపు అందుకుని కదులుతుంది. అది మొదటినుంచే వాటికి ఎదురు అడుగులో నడుస్తుంది. అంటే పైన చెప్పిన రెండో దశ, ఆ బొట్టుబొట్టు శబ్దం, త్వరగా మొదలై ఎక్కువగా ఉంటుంది. వైన్‌రైక్ వ్యాసంలో ఈ పెడల్ సంగతి కూడా ఉంది. చాలామంది అది శబ్దం తగ్గించే పెడల్ అనుకుంటారు. తగ్గడం కన్నా స్వరం ఆరే తీరు మారడమే అందులో ఎక్కువ. మీ అప్‌రైట్‌లో ఎడమ పెడల్ ఆ పని చేయదు, సుత్తులను తీగలకు దగ్గరగా జరిపి దెబ్బ చిన్నది చేస్తుంది, అంతే. మీ ఎఫ్ ఒక్కటి మాత్రం గ్రాండ్ పియానో ఎడమ పెడల్ తొక్కిపెట్టినట్టే ఉండిపోయింది, ఎన్నేళ్లుగానో.

ఆలస్యంగా_మొదలు

మరి సరిచేయించాలా వద్దా?

మూడోతీగ

ట్యూనర్‌గా చెప్పాలంటే అది తప్పే. సుత్తి కొయ్యను కొంచెం వేడిచేసి పక్కకు వంచితే ఐదు నిమిషాల పని. గట్టిగా వాయించే చోట ఆ ఎఫ్ ఒక్కటి వెనకబడుతుంది. పాట మధ్యలో పళ్ల వరుసలో ఒక పన్ను లేనట్టుంటుంది. మీరు ఇప్పటిదాకా గమనించి ఉండకపోవచ్చు, జి గాళ్లు తీయించి చుట్టుపక్కలవి బాగుపడ్డాక గమనిస్తారు.

నాదే అయితే నేనూ వెంటనే ముట్టుకోను. రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక ఎఫ్, ఇ రెండూ మార్చి మార్చి నొక్కి, శబ్దం పూర్తిగా ఆరేదాకా వినండి. ఇ కి మీరు పెట్టిన నలభై నిమిషాలు ఎంత దూరం వచ్చాయో తెలుస్తుంది. ఆ తర్వాత నిర్ణయించుకోండి.

వద్దనుకుంటే మాత్రం, రెండు నెలల తర్వాత వచ్చే ట్యూనర్‌కు గుమ్మంలోనే ఆ మాట చెప్పండి. చెప్పకపోతే ఆయన లోపల చూడగానే మొదట సరిచేసేది దాన్నే.